వ్యంగ్య చిత్రంలో చోటు దొరకని సైనికుడు

సంకీర్ణ ప్రభుత్వం ఊగిసలాడుతోందంటే మన కార్టూనిస్టులకు ముందు గుర్తొచ్చేది చంకకర్ర. ముఖ్యమంత్రి కుంటుతూ వస్తుంటాడు, రెండు చంకల్లో రెండు కర్రలు, వాటి మీద మిత్రపక్షాల పేర్లు. ఆర్థిక వ్యవస్థ దిగజారిందంటే తలకు కట్టు, కాలికి పిండికట్టు, చక్రాల కుర్చీ. బెంగళూరులో మా ఇంటికొచ్చే తెలుగు పేపర్లో ఇదే బొమ్మ, పక్కింటివాళ్ళ కన్నడ పేపర్లో ఇదే బొమ్మ. భాష మారినా కర్ర మారదు.

అవే పేజీల్లో సైనికుడు ఎలా ఉంటాడో చూడండి. సరిహద్దు దగ్గర తుపాకీ పట్టుకుని నిటారుగా నిలబడి ఉంటాడు. లేదా జాతీయ జెండా కప్పిన పెట్టెలో ఉంటాడు. గాయపడి, ఒక కాలో కన్నో పోగొట్టుకుని ఇంటికొచ్చి, ఆ తర్వాత నలభై ఏళ్ళు బస్సులెక్కుతూ, బ్యాంకుల చుట్టూ తిరుగుతూ, పిల్లల ఫీజులు కడుతూ బతికే సైనికుడు మాత్రం చాలా అరుదు. ఏళ్ళ తరబడి కార్టూన్లు ఇష్టంగా చూస్తున్న నాకు ఇది పెద్ద లోటుగానే అనిపిస్తోంది. అధికారాన్ని నిలదీయడమే వ్యంగ్య చిత్రం పని అనుకుంటే, అధికారం చుట్టూ ఇంతగా తిరగాల్సి వచ్చే మనిషి అందులో ఎందుకు లేడు?

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కొంత గౌరవం వల్ల, కొంత మొహమాటం వల్ల, కొంత కార్టూన్ అనే ప్రక్రియ స్వభావం వల్ల ఇలా జరిగింది. ఈ సైనికుణ్ణి ఇంతకుముందు గీసినవాళ్ళు ఎవరు, ఎలా గీశారు, గీసినప్పుడు ఏమైంది అన్నది ముందు చూద్దాం. అప్పుడు మన దగ్గరి చిక్కుముడి ఎక్కడ పడిందో కనిపిస్తుంది.

డ్రెస్డెన్ వీధిలో అగ్గిపెట్టెలు

యుద్ధంలో అవిటివాళ్ళయిన సైనికులు బొమ్మల్లోకి రావడం కొత్తేమీ కాదు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న లొరేన్ ప్రాంతపు చిత్రకారుడు జాక్ కలో 1633లో పారిస్‌లో అచ్చువేసిన 18 చిన్న చిత్రాల వరసలో ఆసుపత్రి ముందు కర్రల సాయంతో కదిలే సైనికులున్నారు, దారి పక్కన అడుక్కునేవాళ్ళూ ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర లండన్ వ్యంగ్య చిత్రాల్లో కొయ్యకాలు నావికుడు మామూలు హాస్య పాత్ర. అయితే అతని గతే వ్యంగ్యానికి కేంద్రమైంది మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, జర్మనీలో. ఒక లెక్క ప్రకారం ఆ దేశంలో సుమారు పదిహేను లక్షల మంది సైనికులు శాశ్వత వైకల్యంతో ఇంటికొచ్చారు.

ఒట్టో డిక్స్ ఆ యుద్ధాన్ని దూరం నుంచి చూసిన చిత్రకారుడు కాదు. తనే మెషిన్‌గన్ నడిపాడు, 1918లో మెడకు గాయమైంది. 1920లో డ్రెస్డెన్‌లో ఉండగా, కాళ్ళూ చేతులూ పోయిన సైనికుల మీద వరసగా కొన్ని చిత్రాలు వేశాడు. వాటిలో అగ్గిపెట్టెలు అమ్మేవాడి చిత్రం ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో ఉంది.

పేవ్‌మెంట్ మీద ఒకతను కూర్చున్నాడు. చూపు లేదు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. చేతులు లేవు. కాళ్ళ చోట కొయ్యముక్కలు ముందుకు చాచి ఉన్నాయి. నెత్తిన టోపీ, మెడకు వేలాడే పళ్ళెంలో అగ్గిపెట్టెలు. అతను అరుస్తున్న మాటలు గాల్లో అక్షరాలై కనపడుతున్నాయి. అతని చుట్టూ మంచి బూట్లు, మంచి ప్యాంట్లు, లేసు అంచు గౌన్లు, అన్నీ దూరంగా పరిగెడుతున్నాయి. దగ్గర ఆగింది ఒక్క కుక్క. అది కాలెత్తి అతని మీద ఉచ్చ పోస్తోంది.

మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఇంత క్రూరంగా గీయాలా అనిపిస్తుంది. రెండోసారి చూస్తే ఇంకొకటి కనపడుతుంది. పరిగెత్తేవాళ్ళెవరికీ ముఖం లేదు. నడుం పైభాగమే లేదు. డిక్స్ తన చిత్రం అంచుతో వాళ్ళను సగానికి కోసేశాడు. ఆ బొమ్మ మొత్తంలో ముఖమున్న మనిషి, గొంతున్న మనిషి ఆ సైనికుడొక్కడే. నాకు అర్థమైనంతవరకు ఈ చిత్రం బలమంతా అక్కడే ఉంది: చూసేవాడి చూపు మీద దెబ్బ పడింది, చూడబడేవాడి ఒంటి మీద పడలేదు.

అదే ఏడాది వేసిన పేకాటగాళ్ళ చిత్రం ఇప్పుడు బెర్లిన్ నేషనల్ గ్యాలరీది. రాత్రిపూట కాఫీ హోటల్లో ముగ్గురు సైనికులు పేకాడుతుంటారు. ముగ్గురికీ కలిపి సరిగ్గా ఉన్న అవయవాలు లెక్కపెట్టడం కష్టం. ఒకతను కాలి వేళ్ళతో ముక్కలు పట్టుకున్నాడు. డిక్స్ ఇందులో నిజం పేకముక్కలు, నిజం న్యూస్‌పేపర్ ముక్కలు అతికించాడు. వాళ్ళలో ఒకరి పెట్టుడు దవడ మీద తన ఫోటోనే అంటించి, ఇది డిక్స్ కంపెనీ సరుకు, కనిపెట్టినవాడి బొమ్మ ఉంటేనే అసలుది అని వ్యాపార ప్రకటనలా రాశాడు. పక్కవాడి గాయంతో బొమ్మ చేసుకుని అమ్ముకునేవాళ్ళలో తనూ ఉన్నానని చిత్రంలోనే చెప్పేశాడు. ఇది చాలా మంది వ్యంగ్య చిత్రకారులు చెయ్యని పని.

మూడో చిత్రంలో నలుగురు సైనికులు యూనిఫాంలో, మెడల్స్‌తో, కొయ్యకాళ్ళతో, చక్రాల కుర్చీతో వీధిలో వరసగా పోతుంటారు. వాళ్ళు దాటుతున్నది ఒక చెప్పుల షాపు. ఈ బొమ్మకు పేరు పెట్టినప్పుడు డిక్స్ పక్కన ఒక అంకె చేర్చాడు: 45 శాతం పనికి పనికొచ్చేవాళ్ళు. అప్పుడు జర్మనీలో వైకల్యాన్ని సంపాదించే శక్తిలో శాతంగా కొలిచేవాళ్ళు, పెన్షన్ దాని మీదే ఆధారపడేది. ఆ అంకెను గుర్తుపెట్టుకోండి, మన దేశానికి వచ్చినప్పుడు మళ్ళీ కావాలి.

ఈ మూడో చిత్రం ఇప్పుడు లేదు. 1933లో నాజీలు డిక్స్‌ను డ్రెస్డెన్‌లో ప్రొఫెసర్ ఉద్యోగంలోంచి తీసేశారు. 1937లో మ్యూనిక్‌లో తమకు నచ్చని కళనంతా పోగేసి, జనం ఎగతాళి చెయ్యడానికి పెట్టిన ప్రదర్శనలో ఈ చిత్రాన్నీ వేలాడదీశారు. సైన్యానికి ద్రోహం చేసే చిత్రం అని దాని మీద ముద్ర వేశారు. ఇరవై లక్షలకు పైగా జనం ఆ ప్రదర్శన చూశారు. తర్వాత చిత్రం ఏమైందో ఆచూకీ లేదు, నాశనం చేశారనే అందరి అభిప్రాయం. డిక్స్ అదే బొమ్మను లోహపు రేకు మీద గీసి తీసిన అచ్చు ప్రతులు మాత్రం మిగిలాయి. కాళ్ళు పోయిన సైనికుల్ని చూపిస్తే సైన్యాన్ని అవమానించినట్టే అనే వాదన అప్పుడే మొదలవలేదు గానీ, అధికారం చేతిలో అది ఎంత దూరం పోతుందో ఇక్కడ తెలుస్తుంది.

డిక్స్ చిత్రాల్లో లేనిదీ ఒకటుంది. ఆ సైనికులు వీధుల్లో అగ్గిపెట్టెలు అమ్మడమే చెయ్యలేదు. సంఘాలు పెట్టుకున్నారు, వాటిలో లక్షల మంది సభ్యులున్నారు, బెర్లిన్‌లో ఊరేగింపులు తీశారు. 1920లో వచ్చిన పెన్షన్ చట్టం, పెద్ద యజమానులు వికలాంగుల్ని పనిలో పెట్టుకోవాలన్న చట్టం కొంతవరకు వాళ్ళ ఒత్తిడి వల్ల వచ్చినవే. బ్రిటన్ తన సైనికులకు ఇచ్చినదానికంటే జర్మనీ ఇచ్చింది మెరుగే. అయినా జర్మన్ సైనికుల్లోనే కోపం ఎక్కువ. చరిత్రకారులు చెప్పే ఒక కారణం, అక్కడ అంతా ప్రభుత్వ ఆఫీసుల ద్వారా నడిచింది, మామూలు జనంతో ముఖాముఖి తెగిపోయింది. బ్రిటన్‌లో డబ్బు తక్కువైనా దాతల సంస్థల ద్వారా సమాజం వాళ్ళను పలకరిస్తూ ఉంది. డిక్స్ పరిగెత్తే కాళ్ళను గీశాడంటే ఈ తెగిపోవడాన్నే గీశాడు. ఊరేగింపు తీసే వికలాంగుణ్ణి మాత్రం గీయలేదు. అతని సైనికులు బాధ పడతారు, పేకాడతారు, అడుక్కుంటారు, ఎదురు తిరగరు.

ఎదురు తిరగాల్సింది ఎవరి మీదో అదే కాలపు జర్మన్ చిత్రకారుడు జార్జ్ గ్రోస్ గీశాడు. మెడికల్ బోర్డు కూర్చుని ఉంటుంది, మధ్యలో ఒక అస్థిపంజరం నిలబడి ఉంటుంది, కళ్ళద్దాల డాక్టర్ దాని రొమ్ముకు గొట్టం ఆనించి విని, యుద్ధానికి పనికొస్తాడు అని సర్టిఫై చేస్తాడు. పక్కన ఆఫీసర్లు తమ కబుర్లలో తాము ఉంటారు. ఈ బొమ్మ ఉన్న చిత్రాల సంపుటి 1920లో వచ్చింది. సైన్యాన్ని అవమానించాడని కేసు పెట్టి 1921లో గ్రోస్‌కు జరిమానా వేశారు. మెడికల్ బోర్డు, ఒక సర్టిఫికెట్, దాని వెనక ఎండిపోయిన మనిషి. ఈ మూడూ ఉన్నచోటల్లా ఈ బొమ్మ పాతబడదు.

కార్టూన్ మీద కోపం, గోడ మీద బూజు

ఇప్పుడు అమెరికాకు రండి. 2006 జనవరిలో, ఇరాక్ యుద్ధంతో సైన్యం అలిసిపోయిందని రిపోర్టులు వస్తుంటే, రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ అదేం లేదు, యుద్ధంలో రాటుదేలింది అన్నాడు. జనవరి 29న వాషింగ్టన్ పోస్ట్‌లో టామ్ టోల్స్ కార్టూన్ వేశాడు. ఆసుపత్రి మంచం మీద రెండు చేతులూ రెండు కాళ్ళూ లేని సైనికుడు, పక్కన డాక్టర్ వేషంలో రమ్స్‌ఫెల్డ్. నీ పరిస్థితిని రాటుదేలినట్టుగా రాసుకుంటున్నాను అంటాడు.

అమెరికా సైనిక దళాల అగ్ర నాయకత్వం ఆరుగురూ సంతకాలు పెట్టి పత్రికకు ఉత్తరం రాశారు. అభిరుచి లేనితనం కూడా దాటిపోయిందన్నారు, గాయపడ్డ సైనికుల్ని అవమానించారన్నారు. టోల్స్ జవాబు, నేను గీసింది సైన్యం పరిస్థితిని, ఏ ఒక్క సైనికుణ్ణీ కాదు అని.

ఈ గొడవలో ఎవరిది న్యాయం అని నన్నడిగితే, ఇద్దరి మాటలోనూ నిజముంది. జనరల్స్ దెబ్బతిన్నట్టు మాట్లాడిన తీరులో అసలు విమర్శ పక్కకు పోయింది. సైనికుల త్యాగాన్ని అడ్డం పెట్టుకుంటే మంత్రిని ప్రశ్నించడం కష్టమైపోతుంది. కానీ టోల్స్ జవాబును కాస్త ఆగి చదివితే అందులోనే లోటుంది. చేతులూ కాళ్ళూ లేని ఆ మనిషి అతని దృష్టిలో మనిషి కాదు, ఒక వ్యవస్థకు గుర్తు. మన సంకీర్ణ ప్రభుత్వం చంకకర్రలాంటిదే ఇదీ. నిజంగా ఆ మంచం మీద పడుకున్నవాడు ఆ రోజు పేపరు చూసి ఉంటే, తన ఒళ్ళు ఇంకెవరి సంగతో చెప్పడానికి వాడుకున్నారని గ్రహించి ఉంటాడు.

ఏడాది తిరిగేసరికి, 2007 ఫిబ్రవరిలో అదే పత్రికలో ఇద్దరు విలేకరులు, డానా ప్రీస్ట్, ఆన్ హల్, వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి మీద కథనాలు రాశారు. ఇరాక్ నుంచి గాయాలతో వచ్చిన సైనికులు ఉంటున్న ఒక భవనంలో గోడలకు బూజు, ఎలకలు, బొద్దింకలు. చికిత్స తర్వాత నెలల తరబడి కాగితాల కోసం తిరుగుడు. మార్చిలో ఆర్మీ సెక్రటరీ ఫ్రాన్సిస్ హార్వీ రాజీనామా చేశాడు. 2008లో ఆ కథనాలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. బొమ్మలో సైనికుడికి అవమానం జరిగిందని ఏకమై ఉత్తరం రాసిన వ్యవస్థలోనే, ఆ గోడలు అట్లా ఉన్నాయి.

ఇదే కాలంలో ఇంకో దారి తొక్కినవాడు గ్యారీ ట్రూడో. అతని రోజువారీ కామిక్ స్ట్రిప్‌లో బి.డి. అనే పాత్ర 1970 నుంచి ఉంది. ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకుని కనపడే మనిషి. 2004 ఏప్రిల్‌లో ఇరాక్‌లో అతని ఎడమ కాలు పోయింది. ఆ రోజు స్ట్రిప్‌లో మొదటిసారి హెల్మెట్ లేకుండా, చెదిరిన జుట్టుతో కనిపించాడు. ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్న పాఠకులకు కాలు లేకపోవడం కంటే ముందు ఆ జుట్టు కళ్ళబడింది. ట్రూడో ఊహించి ఊరుకోలేదు. వాల్టర్ రీడ్‌కు వెళ్ళి గాయపడ్డ సైనికులతో మాట్లాడాడు. ఆ తర్వాత నెలల తరబడి బి.డి. కొత్త కాలు బిగించుకోవడం, భార్య మీద చిరాకు పడటం, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం, కౌన్సెలింగ్‌కు వెళ్ళనని మొండికెయ్యడం, చివరికి వెళ్ళడం, అన్నీ రోజూ నాలుగు గళ్ళలో వచ్చాయి. అందులో నవ్వూ ఉంది, ఆ నవ్వు చాలాసార్లు బి.డి.దే.

సింగిల్ ఫ్రేమ్ కార్టూన్‌కూ దీనికీ తేడా ఇక్కడుంది. చావు ఒక రోజు వార్త. వైకల్యం నలభై ఏళ్ళ బతుకు. ఆ రోజు వార్తకు ఆ రోజే స్పందించే పొలిటికల్ కార్టూన్‌కు నలభై ఏళ్ళను పట్టుకోవడం చేతకాదు. పైగా తెగిపోయిన కాలైతే బొమ్మలో క్షణంలో అర్థమవుతుంది. ఫిరంగుల మోతకు పోయిన వినికిడి, తలకు తగిలిన దెబ్బ, రాత్రి నిద్ర పట్టని టెన్షన్, వీటికి కార్టూన్‌లో గుర్తులే లేవు.

మన దగ్గర

బెంగళూరు సైన్యపు ఊరు. అలసూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉంది. 1780లో చెన్నపట్నం కోటలో మొదలైన దళం అది. మందుపాతరలు పరచడం, తీయడం, వంతెనలు కట్టడం వీళ్ళ పని. చిత్తూరు, కడప, ప్రకాశం నుంచి శ్రీకాకుళం దాకా మన పల్లెల కుర్రాళ్ళు తరతరాలుగా ఇందులో చేరుతున్నారు. సర్వీసయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. 2001-02లో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యం సరిహద్దులో మోహరించినప్పుడు లక్షల మందుపాతరలు పరిచారు. యుద్ధం జరగలేదు. వాటిని పరచడంలో, తిరిగి తీయడంలో చాలామంది చనిపోయారు, చాలామంది కాళ్ళు పోగొట్టుకున్నారు.

ఇదే ఊళ్ళో ట్రినిటీ సర్కిల్ దగ్గర, మిడ్‌ఫోర్డ్ హౌస్‌లో ఇండియన్ కార్టూన్ గ్యాలరీ ఉంది. దేశంలో కార్టూన్ల కోసమే ఇలాంటి చోటు దొరకడం అపురూపం, వీలున్నవాళ్ళు తప్పక వెళ్ళి చూడాలి. అక్కడి నుంచి బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసే చోటికి నడిచిపోతే మద్రాస్ పయొనీర్ సైనికుల స్మారక స్తంభం కనపడుతుంది. అది యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ కోసం. కాళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చినవాళ్ళకు స్తంభమూ లేదు, కార్టూనూ లేదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ హవల్దారున్నాడు. మదనపల్లె వైపు మనిషి. పరాక్రమ్ సమయంలో మందుపాతర మీద ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఒక సాయంత్రం డిక్స్ అగ్గిపెట్టెల బొమ్మను ఫోన్లో చూపించాను. చాలాసేపు పెద్దది చేసి చూశాడు. ముందు కొయ్యకాళ్ళ పట్టీలు ఎక్కడ కట్టారో వెతికాడు. తర్వాత అన్నాడు:

"ఈ కుక్కను పెట్టినాడు చూడు సామీ, అది కరెక్టు. జనాలు పరిగెత్తేది మాత్రం మన దగ్గర అట్ల కాదు. మనోళ్ళు నిలబడతారు. సెల్యూట్ కొడతారు. ఫోటో దిగతారు. మళ్ళ సంవత్సరం దాకా నేనెవరికీ కనపడను."

ఆయన మాటకు సాక్ష్యం నా కళ్ళారా చూశాను. ఆగస్టు 15న మా లేఅవుట్‌లో స్టేజీ కట్టారు. ఎక్కడానికి చెక్కమెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మన రియల్ హీరో వేదిక మీదకు రావాలి అని మైకులో పిలిచారు. ఆయన మెల్లిగా ఎక్కుతానంటే వినకుండా ఇద్దరు కుర్రాళ్ళు రెండు రెక్కలు పట్టి లేపేశారు. పైన శాలువా కప్పారు, మైసూరు పేటా పెట్టారు, ఒక చేతిలో పళ్ళబుట్ట, ఇంకో చేతిలో షీల్డు పెట్టారు. చప్పట్లు మోగాయి. ఇక దిగాలి. దిగేటప్పుడు ఆసరాకు చెయ్యి కావాలి, రెండు చేతులూ నిండిపోయాయి. ఆయన అక్కడే నిలబడిపోయాడు. అప్పటికి మైకులో తర్వాతి పేరు పిలుస్తున్నారు.

అక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు. అందరూ మనస్ఫూర్తిగానే చేశారు. మన దగ్గర నిర్లక్ష్యం ఇంత గౌరవంగా ఉంటుంది కాబట్టే దాన్ని పట్టుకోవడం కష్టం. డిక్స్ కాలంలో జనం ముఖం తిప్పుకుని పరిగెత్తారు, అది గీయగానే తెలిసిపోయింది. మనం ముఖం తిప్పుకోం, చేతులు జోడిస్తాం. ఆ జోడించిన చేతుల్ని గీయగల కార్టూనిస్టు మనకు కావాలి.

ఇక ఆ శాతం సంగతి. మన సైన్యంలో వైకల్య పెన్షన్ రావాలంటే వైకల్యం 20 శాతమో అంతకంటే ఎక్కువో అని మెడికల్ బోర్డు తేల్చాలి. అది సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో ఒప్పుకోవాలి. 1996 నుంచి 50 కంటే తక్కువ శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆ పైన 100గా సర్దే పద్ధతి వచ్చింది. ఈ సర్దుబాటు వైకల్యం వల్ల మధ్యలో పంపించేసిన వాళ్ళకే అని ప్రభుత్వం అంది. పూర్తి సర్వీసు చేసి రిటైరైన వికలాంగులు ఏళ్ళ తరబడి కోర్టులెక్కారు. 2014 డిసెంబర్‌లో రాం అవతార్ కేసులో సుప్రీం కోర్టు సైనికుల పక్షాన తీర్పిచ్చింది. అంతకుముందు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో, చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు రికార్డుంటే తర్వాతి వైకల్యం సర్వీసు వల్లేనని భావించాలనీ, కాదని నిరూపించే బాధ్యత సైనికుడిది కాదనీ చెప్పింది. 2015లో రక్షణ మంత్రి వేసిన నిపుణుల కమిటీయే, వికలాంగ సైనికుల మీద వేసిన అప్పీళ్ళు వెనక్కి తీసుకోవాలని సిఫారసు చేసింది. అంటే మాజీ సైనికుడికి ఎదురుగా కోర్టులో నిలబడింది అతన్ని సరిహద్దుకు పంపిన ప్రభుత్వమే. గ్రోస్ లాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి? 2018ని సైన్యం విధి నిర్వహణలో వికలాంగులైన సైనికుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదిలో కూడా కోర్టుల్లో ఫైళ్ళున్నాయి.

మన కార్టూనిస్టులు దీన్ని ఎందుకు ముట్టుకోలేదంటే, పిరికితనం అని తేల్చేయడం అన్యాయం. రెండు మంచి సంకోచాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సైనికుడి మీద కార్టూన్ వేస్తే సైన్యాన్ని కించపరిచినట్టవుతుందేమో అన్నది ఒకటి. వికలాంగుడి మీద వేస్తే అతన్ని ఎగతాళి చేసినట్టవుతుందేమో అన్నది రెండోది. రెండో భయానికి కారణం మన హాస్యమే. దశాబ్దాలుగా మన సినిమాల్లో నత్తి, చెవుడు, కుంటి నడక కామెడీ ట్రాకులయ్యాయి. దాన్ని చూసి సిగ్గుపడ్డ మంచి కార్టూనిస్టు ఆ వైపే పోవడం మానేశాడు. ఫలితంగా వికలాంగుడు బొమ్మలోంచి పోయాడు, అతని చంకకర్ర మాత్రం ముఖ్యమంత్రి చంక కిందకు చేరింది.

ఈ రెండో భయానికి కాస్త దారి చూపించిన తీర్పు ఒకటి 2024 జూలైలో వచ్చింది. ఒక హిందీ సినిమాలో వికలాంగుల్ని చూపించిన తీరు మీద నిపున్ మల్హోత్రా వేసిన కేసులో సుప్రీం కోర్టు, వైకల్యాన్ని తక్కువ చేసి నవ్వించడం వేరు, వైకల్యం గురించి జనానికున్న అపోహల్ని నవ్వుతో బద్దలు కొట్టడం వేరు అని విడదీసింది. సినిమావాళ్ళకు చెప్పిన ఈ మాట కార్టూనిస్టులకూ సరిపోతుంది. పెట్టుడు కాలు మీద కార్టూన్ వద్దు. కమ్మీ లేని మెట్ల మీద, మోకాలి కింద పోతే ఒక లెక్క, పైన పోతే ఇంకో లెక్క రాసుకునే టేబుల్ మీద, అప్పీలు మీద అప్పీలు వేసే ఆఫీసు మీద ఎన్నయినా వేయొచ్చు.

కథానాయకుడిగా చూపించడం కూడా ఒక రకం మరుగే. మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో యంత్రాలు, వాహనాల మరమ్మతులు చూసే ఇ.ఎం.ఇ. దళపు సైనికుడు, సికింద్రాబాద్‌లో బాక్సింగ్ చేశాడు, 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుం కింద చచ్చుబడింది. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచాడు. భారతదేశానికి పారాలింపిక్స్‌లో అదే మొదటి స్వర్ణం. పద్మశ్రీ వచ్చింది 2018లో, నలభై ఆరేళ్ళ తర్వాత. ఆయన ఘనత గురించి ఎంత చెప్పుకున్నా తక్కువే. కానీ స్వర్ణం గెలవని సైనికుడి గురించి అడగడానికి ఆ కథను అడ్డం పెట్టకూడదు. మా హవల్దారుకు ఈత రాదు. ఆయనకు కావాల్సింది మెట్ల పక్కన ఒక కమ్మీ.

బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాద్‌లో ఇప్పుడు తెలుగులో కార్టూన్లు వేస్తున్న యువకుల్ని నేను అడిగేది ఒక్కటే. ట్రూడో చేసినట్టు ముందు వెళ్ళి కూర్చుని మాట్లాడండి. పక్క వీధిలోనే ఉంటారు. పేపర్లో రోజుకో గడి దొరక్కపోయినా ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు గళ్ళ స్ట్రిప్ ఏడాది పాటు నడపడానికి ఎడిటర్ అనుమతి అక్కర్లేదు. ఫైలు తిరగేసి చూడండి. అందులో వాళ్ళకు నవ్వొచ్చిన చోటేదో వాళ్ళనే అడగండి. అడిగితే చెబుతారు. మా హవల్దారు ఆ పళ్ళబుట్ట కథను ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి తనే ముందు నవ్వుతాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే సైనిక అకాడమీల కేడెట్ల దగ్గర మొదలుపెట్టండి. చెన్నై పరంగిమలైలోని అకాడమీతో సహా, శిక్షణలో గాయపడి వికలాంగులై ఇంటికి పంపించేసినవాళ్ళు 1985 నుంచి సుమారు 500 మంది ఉన్నారు. కమిషన్, అంటే ఆఫీసర్ హోదా, రాకముందే గాయపడ్డారు కాబట్టి రూల్స్ ప్రకారం వాళ్ళు మాజీ సైనికులు కారు. 2025 ఆగస్టు నాటికి పెన్షన్ లేదు, నెలకు గరిష్టంగా 40,000 రూపాయల దాకా ఎక్స్‌గ్రేషియా మాత్రం ఉండేది. మాజీ సైనికుల వైద్య పథకం కూడా వాళ్ళకు వర్తించేది కాదు. 2025 ఆగస్టులో పత్రికా కథనం చూసి సుప్రీం కోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. ఆ నెలాఖరుకే రక్షణ శాఖ ఆ వైద్య పథకాన్ని వాళ్ళకు ఇచ్చింది. నలభై ఏళ్ళు కదలని ఫైలు రెండు వారాల్లో కదిలింది. ఇరవై ఏళ్ళ వయసులో చక్రాల కుర్చీలోకి వెళ్ళినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు, ఇప్పుడు కొందరికి నలభై దాటింది.